స్తంభానికి చొక్కా

ఒంగోలు, హౌసింగ్ బోర్డు, సి బ్లాకు.
సుత్తితో తడితే
మూడో పిల్లరు డొల్లగా పలికింది,
నీళ్లింకిన కొబ్బరికాయలా.

"తెల్లారుజామున గూట్లో గిన్నెలు
వాటంతటవే మాట్లాడుకున్నాయయ్యా,
ఎలకలనుకున్నా" అంది మస్తానమ్మ.

కింద పార్కింగంతా ఉత్త కాళ్లు.
పైన నాలుగంతస్తుల
బీరువాలు, నీళ్ల ట్యాంకులు, తగాదాలు.

గీసి చూపించాను:
పిల్లరు చుట్టూ కొత్త ఇనుము, పక్కన అడ్డగోడ.
సరిగ్గా అక్కడే
మాలకొండయ్య ఇస్త్రీ బల్ల.

కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
"చొక్కా తొడుగుతారన్నమాట.
కాలరు గట్టిగా ఉండాలి సార్,
ముందు మెడ దగ్గరే చిరుగుద్ది."

నిజమే. దూలం కలిసే చోటే
రింగులు తక్కువ రాశాను.

రాత్రి కూర్చుని దిద్దాను.
బల్ల ఎక్కడ పెట్టాలో
ఇంకా గీయలేదు.