ఆవలి ఒడ్డు దీపం

ఆ ఊరికి ఒకప్పుడు రెండు పేర్లుండేవట, ఒడ్డుకొకటి.
మధ్యలో వోల్గా.
వంతెన కడతామని మూడు తరాలుగా అంటున్నారు,
ఈలోగా బల్లకట్టు నడుస్తోంది.

శుక్రవారం రాత్రి దిగాం, గ్లెబ్, నేనూ.
అక్టోబరు ఆఖరు. అద్దె చవక.
కిటికీలకి చెక్కతో జరీ అంచు కుట్టిన నీలం ఇల్లు,
తలుపు తీస్తే మగ్గిన యాపిల్‌పళ్ళ వాసన,
కిటికీ గట్టు మీద
నారింజరంగు గుడ్డ టోపీ పెట్టుకున్న దీపం.
పెళ్ళయి పదకొండేళ్ళు.
ఉండడమో విడిపోవడమో
రెండు రోజుల్లో తేల్చుకుందామని వచ్చాం.

శనివారం పొద్దున్నే ఏరు దాటాం.
అవతల చూడమన్నవన్నీ చూశాం.
గోడల మీద ముఖాలు చెరిగి
రెక్కలు మాత్రం మిగిలిన దేవదూతలు,
గంట లేని గంటస్తంభం,
అందులో కాపురం పెట్టిన కాకులు.
ఉన్ని మేజోళ్ళమ్మే ముసలాయన
గ్లెబ్ పాదం కొలత చూపుతోనే చెప్పేశాడు.
తేల్చుకోవలసిన మాటని మాత్రం
ఇద్దరం కోటుజేబులో పెట్టుకునే తిరిగాం,
చలికి చేతులు పెట్టుకున్నట్టు.

ఆఖరి బల్లకట్టు ఆరున్నరకి.
మేం పరిగెత్తి చేరేసరికి ఆరూ ముప్పై నాలుగు.
నీళ్ళ మీద దాని వీపు, కాస్త పొగ,
రేవులో మాలాగే మిగిలిపోయిన ఒక కుక్క.

టికెట్ గది తాళం వేస్తున్న తైసియా ప్రొఖోరొవ్నా
"ఇంతేసి అంకెలు రాసిపెట్టాం కదా బోర్డు మీద" అని కసిరి,
నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి,
"రండి మరి. సోఫా ఒక్కటే. సర్దుకోవాలి" అంది.

ఉడికిన బక్‌వీట్, ఎండుచేప, ఉప్పులో ఊరిన పుట్టగొడుగులు,
టీ గ్లాసుల్లోకి చెంచాడు నల్లపళ్ళ జామ్.
వంటింటి కిటికీ నిండా నది.
"అదిగో, ఆ దీపం చూశారా?
మా ఫైనా ఇల్లు. నా చెల్లెలు.
మేకపిల్ల దగ్గర మొదలైంది తగువు,
తొమ్మిదేళ్ళు మాటల్లేవు.
రాత్రి తొమ్మిదయ్యేసరికి మాత్రం
అది రెండుసార్లు ఆర్పి వెలిగించేది, ఇక్కణ్ణించి నేనూ.
ఉన్నావా అంటే ఉన్నానని.
మొన్న మార్చిలో,
మంచు మెత్తబడి నడిచే దారీ లేక పడవా లేక
నది మమ్మల్ని ఎటూ కానివ్వని వారంలో పోయింది.
ఇప్పుడు దాని కొడుకు వచ్చేపోయేవాళ్ళకి అద్దెకిస్తున్నాడు.
పట్నంవాళ్ళు. ఇంట్లో లేకపోయినా
పగలూ రాత్రీ కరెంటు కాలుస్తారు."

గ్లెబ్ నావైపు చూశాడు. నేను జామ్ వైపు.
ఆర్పాల్సింది నువ్వు కాదా, కాదు నువ్వే,
మామూలుగా అయితే అక్కడే అంటుకునేది.

తొమ్మిదికి ఆమె లేచి
స్విచ్ మీద వేలు పెట్టింది.
చీకటి. వెలుగు. చీకటి. వెలుగు.
అవతల దీపం రెప్పకూడా వేయలేదు.
"ఇప్పటికీ మొండిదే" అంది,
గ్లాసులు కడగడానికి కుళాయి తిప్పుతూ.

సోఫా నడుమ గుంట.
ఎటు ఒత్తిగిలినా ఇద్దరం అందులోకే జారాం.
ఇద్దరికీ కన్ను అంటుకోలేదు.

ఆదివారం మొదటి బల్లకట్టు. పొగమంచు.
ఆమె మా టికెట్లు చించింది.
గ్లెబ్ చేతిలో తాళంచెవి,
దానికి వేలాడుతున్న నీలం చెక్కచేప.
గుర్తుపట్టిందో లేదో.
"చిల్లర లేదా?" అంది.

ఇంట్లో దీపం, పగటి వెలుతుర్లో
జ్వరమొచ్చిన పిల్లలా వెలుగుతోంది.
మా బస్సు రెండింటికి.
గ్లెబ్ స్విచ్ దగ్గర నిలబడి
"రాత్రి తొమ్మిదిదాకా ఉంటే?" అన్నాడు.
"రెండుసార్లు ఆర్పితే
ఆవిడకి ఉపకారమా, అపచారమా?"
అదీ అనొచ్చు, ఇదీ అనొచ్చు.
నేనొకటి అన్నాను, అతనొకటి.
టీ పెట్టుకున్నాం. మళ్ళీ పెట్టుకున్నాం.
ఇన్ని నెలల్లో మేమిద్దరం కూర్చుని
పూర్తిగా మాట్లాడుకున్న విషయం అదొక్కటే.

తేలనే లేదు.
రెండింటికి బస్సు మలుపు తిరిగిన చప్పుడు
ఇద్దరికీ వినపడింది.