పొగ లేని ఇల్లు

మా అత్త ఎబాదోకి
సాయంత్రమంటే పొద్దు వాలడం కాదు.
తెల్లరాతి ధూపపాత్రలో
మూడు బొగ్గులు కళ్లు తెరవడం.

పగలంతా నేను ఎరిగావో గోదాములో
నాపరాళ్ల మీద కాళ్లు చాపుకుని
సాంబ్రాణి బొట్లు ఏరుతుంటాను.
శనగగింజంతవి ఇటు, ఉలవగింజంతవి అటు,
బెరడు అంటుకున్నవి వేరే చేటలో.
తేనెరంగు పెద్దబొట్లు ఓడలెక్కుతాయి.
అడుగున మిగిలిన నుసిని
నా కూలిలో కోసుకుని
నాకే అమ్ముతాడు మేస్త్రీ.

ఆ నుసి తెస్తే అత్త పంచదార పాకం పట్టి
అగరుచెక్క పొడి చల్లి
నల్లటి ముద్దలు చేసి డబ్బాలో దాచేది.
ఊన్సీ అంటాం మేము.
చీకటి పడగానే ఒక ముద్ద బొగ్గు మీదికి.
ఇక పొగని చేయిపట్టుకుని ఇల్లంతా తిప్పేది:
తలుపు వెనక్కి, పరుపుల కిందికి,
పాలబుర్ర నోట్లోకి, నా జుట్టులోకి.
చేపల వాసన, చెప్పుల వాసన,
మధ్యాహ్నం ఆడుకున్న మాటల వాసన,
అన్నిటినీ గుమ్మం దాకా సాగనంపేది.

వానలో పుట్టాడని రోబ్లే అని పిలుచుకున్న నా కొడుకు
రొమ్ములో నాలుగో ఏట
ఈలపిట్ట గూడు కట్టింది.
నర్సు ఫోసియా చెవిగొట్టం తీసి
నా కొంగు వాసన చూసింది.
"పొగ" అంది.
ఇంకో మాట అనలేదు.

ఆ రాత్రి ధూపపాత్ర బోర్లా పడుకుంది.
ఇల్లు, ఎలా చెప్పను,
ఉల్లిపాయ ఉల్లిపాయలా,
కిరసనాయిలు కిరసనాయిలులా,
మొగుడు మొగుడిలా,
ఎవరి వాసన వాళ్లు కప్పుకుని
ముడుచుకు కూర్చున్నారు.

ఊరవతల కొత్త బట్టీలో నూనె తీసే వార్సమే
బొటనవేలంత సీసా ఇచ్చాడు.
నేనేరిన బొట్లేనట.
ఆవిరిలో ఉడికి, గొట్టంలో చల్లబడి
నీళ్ల మీద మీగడలా తేలాయట.
పిల్లాణ్ని పక్కింటికి పంపి
కిటికీ తెరిచి
వేడినీళ్ల గిన్నెలో ఒక్క చుక్క వేశాను.

నిమ్మతొక్క గిల్లినట్టు,
తడిసిన రాయిని నాకినట్టు,
ఇంకా ఎవరూ వాడని గాలి.

అత్త గుమ్మంలోనే ఆగింది.
"నిప్పు లేనిదే పొగ రాదంటారు, సరే.
పొగే లేకుండా వచ్చిన ఈ వాసన ఎవరింటిదే?
దీనికి కాళ్లు లేవు.
పొగైతే నడిచెళ్లి
పోయినవాళ్లని కూడా పలకరించి వస్తుంది."

అంటూనే గిన్నె మీదికి వంగింది.
చాలాసేపు లేవలేదు.
లేచాక మొహం కడిగిన రాయిలా ఉంది.

"చెట్టుకి గాటు పెట్టిన మొదటిరోజు వాసన ఇది.
పాలు కారుతుండగా, ఇంకా గడ్డకట్టకముందు.
కొండచరియ కింద
మా నాన్న దొరికినప్పుడు
చొక్కా నిండా ఇదే."

గిన్నె తీసుకెళ్లి
ముళ్లకంచె అవతల పారబోసింది.
"అరవయ్యేళ్లుగా
నేను కాలుస్తున్నది దీన్నే" అంది,
నాతో కాదు.

ఇప్పుడు ధూపపాత్ర పెరట్లో ఉంటుంది, మేకల దొడ్డి పక్కన.
దానిమీద వెదురుబుట్ట బోర్లించి
శాలువలు ఆరేస్తుంది అత్త.
పొగ అంతా గాలికి పోయేదాకా
బయటే తిట్టుకుంటూ నిలబడి
తర్వాత లోపలికొస్తుంది.
రోబ్లే ఆమె పక్కలోనే పడుకుంటానంటాడు.
శాలువ అంచు ముక్కు దగ్గర పెట్టుకుంటే
నేను చెవి వాడి వీపు దగ్గర పెడతాను.
ఒక రాత్రి ఈల ఉంటుంది,
ఒక రాత్రి ఉండదు.

సీసా ఇంకా అలమరలోనే ఉంది.
పారేయమని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.
రేకుల మీద మంచు చిటపటలాడే వేళ
అందరూ పడుకున్నారనుకున్నాక
మూత తిప్పిన చప్పుడు.

ఒక్క ఊపిరంత సేపు.

మళ్లీ తిప్పిన చప్పుడు.