రెండో సంతకం

పరకాల బస్టాండు ఎనక గల్లీల
ఇరవై పడకల దవాఖాన.
దరఖాస్తుల పదకొండో గడి:
"మీ మీద ఏవైనా పోలీసు కేసులున్నవా?"
పెన్ను అక్కడ్నే ఆగింది.
"ఉన్నది" అని రాసిన.
గడి చిన్నగుండె. కేసు నంబరు గీత దాటి
కింది గడిలకు జారింది,
"అభిరుచులు" అని ఉన్న దాంట్లకు.

నా పేరు సువార్త.
మూడేండ్ల కింద జిల్లా పేజీల
మొదటి అక్షరం ఊడిపోయి
మిగిలిందే నేనైన.
ఆ పేపరును మా అమ్మ సందుగల అడుగున దాచింది,
పారేస్తే ఎవరన్న
బజ్జీలు కట్టిస్తరేమోనని.

పెద్ద సిస్టరు ఫిలోమినమ్మ అద్దాలు తీసి తుడిచింది,
మళ్ళ పెట్టుకోలే.
"పని ఇస్త. బీరువా తాళం ఇయ్య."
గంతే.
ఆ గొంతుల జాలి లేకపోవుడు
ఎండకాలం కుండనీళ్ళ లెక్క దిగింది.

ఎర్రగడ్డల నలభై రోజులున్న.
ఎర్రగడ్డ అనంగనే వాడకట్టోళ్ళు
నా తలకాయ దిక్కు చూసిండ్రు,
నేను దాసుకునేది మోచెయ్యి.

అసలు సంగతి కేసు కాయితంల లేదు.
అండ్ల ముప్పై ఆరు ఇంజక్షన్లున్నయి,
ఏడో నంబరు మంచం లేదు.
తొడబొక్క ఇరిగిన నాటుకూలి ఆమె.
ఆమె మందు నా నరాలకు పోయింది,
ఆమె నరాలకు నీళ్ళు పోయినయి.
తెల్లారేదాక ఒకటే కేక.
"ఓర్సుకో అమ్మా, ఇచ్చిన గద" అన్నది నేనే,
నుదురు మీద చెయ్యి పెట్టి మరీ.
ఠాణల పది వేళ్ళకు సిరా పూసిండ్రు గని
ఆ అరచేతిని ఎవ్వరు అడగలే.

మొదటి రాత్రి డ్యూటీ.
ఎనుమాములల మిర్చి బస్తాలు మోసే కొంరెల్లి తాత,
గిలక ఆపరేషను.
ముప్పై ఏండ్ల ఘాటు ఇంకా ఒంట్లెనే ఉన్నది,
పక్క సదిరినప్పుడల్ల నాకు తుమ్ములు.
ఆయన తుమ్మలేడు. కుట్లు పట్టుకొని
"అవ్వా, అవ్వా" అంటున్నడు.

తాళం తబస్సుం దగ్గర.
హన్మకొండల దానికి నరం దొరకవట్టుడు నేర్పింది నేను:
"కండ్లతోటి ఎతకకు, వేలితోటి విను."
ఇయ్యాల నన్ను చూసి
నడుముకున్న తాళంచెవుల గుత్తిని గుప్పిట్ల మూసింది,
సప్పుడు రాకుండ.

గాజుసీస మెడ ఇరిగింది. టిక్.
నా ఒళ్ళంత అటు తిరిగింది,
పేరువెట్టి పిలిస్తే కుక్క తిరిగినట్టు.
అబద్దమెందుకు, తిరిగింది.
చేతులు ఎనక్కి కట్టుకొని
గోడ మీది గడియారం చదివిన:
రెండు నలభై. రెండు నలభై ఒకటి.

తాత చెయ్యి ఉబ్బింది, పాత సూది పనిజేస్తలేదు.
రెండు పోట్లు పొడిచి తబస్సుం
"అక్కా" అన్నది, మెల్లగ.
నా చేతులల్ల దారులన్ని మూసుకపోయినయి.
తాత చేతిల ఒకటి దొరికింది,
మణికట్టు పక్కన, సుతిలితాడు కోసిన మచ్చ కింద.
సూది నేను పెట్టిన.
మందు అది ఎక్కిచ్చింది.

రిజిస్టరుల రెండు గళ్ళు.
ఇచ్చినవారు.
చూసినవారు.

తబస్సుం సంతకం పెట్టి పెన్ను నా దిక్కు జరిపింది.
నేను అందుకోలే.
స్టూలు గుంజుకొని కూసున్న.
మొదలు కాళ్ళ బొటనేళ్ళు వదులైనయి,
ఆ తర్వాత దవడ.
దుప్పటి పట్టుకున్న పిడికిలి
ఒక్కొక్క వేలు ఇడిసింది.
"నీ పేరేంది బిడ్డా" అన్నడు, సగం నిద్రల.
చెప్పిన, మొదటి అక్షరం ఒత్తి పలికి.
ఇన్నడో లేదో.
అప్పుడు పోయి సంతకం పెట్టిన.

ఆరు గొట్టంగ ఫిలోమినమ్మ వచ్చి సీసలు లెక్కవెట్టింది.
ఒకటి తగ్గాలె. ఒకటే తగ్గింది.
మళ్ళ మొదటినుంచి లెక్కవెట్టింది.
హన్మకొండ బస్సు హారన్ కొడుతున్నది బయట.
నేను తలుపుకాడ నిలవడ్డ,
లెక్క అయ్యేదాక.