కొసరు

డిసెంబరు ముప్పై ఒకటి, రాత్రి పదకొండు.
మనామా సూక్ వెనక గల్లీలో
షట్టరు సగం దించుకుని
ఐదును పది చేస్తున్నాను.

చిన్న పనే. పన్నుల పట్టికలో ఒక్క గడి.
ఐదు చెరిపి, పది కొట్టి,
'ఏ తేదీ నుంచి' అన్నచోట రేపటిని రాయాలి.
రేపటిని రాయడం ఇంత సులువని
నాకెవరూ చెప్పలేదు.

తెర మీద నా పేరు యూజర్ జీరో త్రీ.
కోరుట్ల రాజలింగం ఎవరో దానికి తెలియదు.
దానికి తెలిసింది మనుషుల్లో నాలుగు రకాలు.
ఏ అంటే దారినపోయేవాడు, పూర్తి ధర.
బి, సల్మాబాద్ గ్యారేజీలు, నూటికి ఎనిమిది తక్కువ.
సి, సిత్రా కాంట్రాక్టర్లు, పదిహేను తక్కువ, తొంభై రోజుల ఉద్దెర.
డిలో ఒక్కడే ఉన్నాడు, అర్బాబ్ బావమరిది.
అతనికి కొన్న ధరే.
అదీ ఇవ్వడు.

పన్ను మొదటిసారి వచ్చిన ఏడు
'ధరలో పన్ను కలిసి ఉంది' అన్న గడిలో
టిక్కు పెట్టడం మరిచాను.
పన్ను మీద పన్ను పడింది.
ప్లంబరు మొఫిజుల్ చీటీ పట్టుకుని తిరిగొచ్చాడు.
రెండు దినార్ల వంద ఫిల్సుల కుళాయికి
నూట ఐదు ఫిల్సులు ఎక్కువ తీసుకున్నావు భాయ్ అన్నాడు.
వేళ్ళ మీదే లెక్కగట్టాడు.
ఆ ఐదు ఫిల్సుల బిళ్ళ కోసం
గల్లా పెట్టె అంతా తోడాను.
ఆ తర్వాత ఏ గడినీ నమ్మలేదు.

కానీ మేకుల సంగతి వేరు.
ప్రతి నెలాఖరుకూ నాలుగు కిలోలు తక్కువ.
తెర ఎర్రబడి అడుగుతుంది:
దొంగతనమా? పాడైపోయిందా? లెక్క తప్పా?
మూడే కారణాలు దానికి తెలుసు.

నాలుగోది నాకు తెలుసు.
అర్బాబ్ మహదీ తూచిన కిలో పొట్లం కట్టబోతూ
మళ్ళీ డబ్బాలో చెయ్యి పెడతాడు.
పడవలు చేసే ఖల్లాఫ్ వస్తే రెండుసార్లు.
మెట్‌పల్లి అంగట్లో మా మేనత్త గంగవ్వ
మిరపకాయలు తూచి, తక్కెడ దించి,
గంపలోకి వంగినట్టే వంగుతాడు.
ఆమె అరబ్బీ వినలేదు, ఈయన మెట్‌పల్లి చూడలేదు.
ఆ చెయ్యి మాత్రం ఒకటే.

ఆడిటరమ్మ బుదూర్ కళ్ళజోడు పైనుంచి చూసి
ఊరికే ఇచ్చినా లెక్కలో ఉండాలి రాజ్ అంది.
ఊరికే ఇవ్వడం కాదమ్మా,
అది వేయకపోతే బేరం ముగిసినట్టే కాదు అని
హిందీలో చెప్పబోయి, మాట దొరక్క
సరే మేడమ్ అన్నాను.

అందుకే ఈ రాత్రి కొత్త సరుకు తెరుస్తున్నాను.
పేరు: KOSARU.
నాలుగు రకాల మనుషులకూ ఒకటే ధర, ఒక్క ఫిల్సు.
ఎంటర్ కొట్టాను.
ఫిల్సు మీద పదోవంతు పన్ను వెతుక్కుంటూ
అది అర సెకను ఆలోచించింది,
దశాంశం తర్వాత మూడు సున్నాలు పెట్టి
ఊరుకుంది.
ఒక్క ఫిల్సు బిళ్ళ ఎవరి దగ్గరా ఉండదు.
సాయంత్రం నేనే నా జేబులోంచి
ఐదో పదో గల్లాలో వేస్తాను.

బయట తీరం వైపు టపాసులు. పన్నెండు అయినట్టుంది.
ఇంకో గడి మిగిలింది, కొలత.
కిలో, మీటరు, డజను, డబ్బా. కొట్టేసి
పిడికెడు అని రాశాను.
ఎవరి పిడికెడు అని అది అడగలేదు.

పొద్దున మొదటి బిల్లు ఖల్లాఫ్‌ది.
చీటీ దూరంగా పట్టుకుని, కూడబలుక్కుని,
కొ-సా-రూ ఎవరు అన్నాడు.
డబ్బాలో చెయ్యి పెట్టి ఉన్న అర్బాబ్
నా వైపు చూశాడు.
కొత్త పార్ట్‌నర్ అన్నాను.