పద్నాలుగో వరుస గాలి

మే నెల, మధ్యాహ్నం రెండు.
విశాఖ రన్‌వే పక్కన, రేకుల కడుపులో
నూట ఎనభై మందిమి నానుతున్నాం.
ఇంజను ఇంకా ఊపిరందుకోలేదు.
జాగ్రత్తలు చెప్పే అట్టలన్నీ
విసనకర్రలైపోయాయి.

ముప్పై రెండేళ్ళు
ఉక్కు ఫ్యాక్టరీ బ్లోయర్ హౌస్‌లో ఉన్నాను.
కొలిమికి గాలి పంపే ఉద్యోగం.
ఎవరైనా అడిగితే మా ఆవిడ
"ఆయనది గాలి పనండీ" అనేది, నవ్వకుండా.
అంచేత ఎక్కడ కూర్చున్నా
గాలి ఎటు వస్తోందో, ఎటు పోతోందో
నాకంటే ముందు నా మెడ లెక్కేస్తుంది.

కిటికీ పక్కన జాలరిపేట పోలమ్మ.
ఒళ్ళో సంచి, సంచిలో ఇంకో సంచి,
ఏడు కవర్ల అడుగున
అరకిలో ఎండు నెత్తళ్ళు.
హైదరాబాదులో మనవరాలికి మూడో నెలట,
నోటికి ఇంకేదీ సయించటం లేదట.
"వాసనొస్తందా బాబూ?"
అడిగింది నా ముక్కునే చూస్తూ.
"లేదమ్మా" అన్నాను,
నోటితో గాలి పీల్చుకుంటూ.

అంతలో ఏసీ అందుకుంది.
సామాన్ల అరల అంచుల్లోంచి
తెల్లగా, బారుగా పొగ దిగింది.
వెనక ఎవరిదో కేక.
ఒకాయన బెల్టు విప్పేసి లేచాడు.
ఒక పిల్లాడు "మంట, మంట" అని చప్పట్లు.
పోలమ్మ మాత్రం అరచెయ్యి చాచి
పొగలో పెట్టింది. వేళ్ళు రాసి చూసుకుంది.
"మంచు. పొగైతే కళ్ళు మండవేటి?
యారాడ కొండమీద పొద్దున్నే ఇదే పడతాది."

నిజమే, అది మన ఊరి గాలే.
సగం సముద్రాన్ని మోసుకు తిరిగేది
చల్లటి గొట్టంలో పడి ఉలిక్కిపడి
ఒక్క క్షణం కంటికి కనబడింది.

ఉత్సాహం ఆగక చెప్పుకుపోయాను:
గాలి పైనుంచి దిగుతుందమ్మా,
మన మొహాల ముందు ఒక చుట్టు తిరిగి
కాళ్ళ పక్కన ఈ జల్లెడలోకి పోతుంది.
ముందు వరుసకీ, వెనక వరుసకీ పెద్దగా పోదు.
వంగి గోడ మొదట్లో చెయ్యి పెట్టింది.
"అవునర్రా, లాగతంది.
కెరటం ఎనక్కెళ్తా కాళ్ళకింద ఇసకని లాగినట్టు."
తర్వాత సంచి మీద చెయ్యి వదులు చేసి,
"అయితే మన కంపు మనదే" అంది.

చెప్పనిది కొంత ఉంది.
జల్లెడలోకి పోయిన గాలిలో సగమే బయటికి.
తక్కిన సగం వడపోతలోంచి తిరిగొచ్చి
కొత్తగాలితో కలిసి అందరి నెత్తినా దిగుతుంది.
ఆ వడపోతకి దుమ్ము చిక్కుతుంది, క్రిమి చిక్కుతుంది,
వాసన చిక్కదు.

లేచాం. డాల్ఫిన్ నోస్ కిటికీలో వాలి,
ఓడలు, తర్వాత ఉత్త నీలం.
తోక దగ్గర అడుగున చిన్న తలుపొకటి ఉంటుంది,
లోపలి గాలి అందులోంచి జారిపోతూనే ఉంటుంది.
ఆమె ఊపిరి, నా ఊపిరి, ఎవరి తుమ్మో,
పట్టిన చోటికి పైన, ఎక్కడో,
కాస్తంత నెత్తళ్ళ వాసన.

ఇప్పుడు చలి. పెదాలు అట్టకట్టాయి.
తల వెచ్చగా, పాదాలు ఐసులా.
ఎంత సరిచేసినా
నూటికి ఐదుగురికి గాలి నచ్చదని
ట్రైనింగులో చెబితే నమ్మలేదు నేను.
ఈ లెక్కన ఇక్కడ తొమ్మిది మంది.
దుప్పట్లు ఏడే ఉన్నాయంటోంది జెసింత,
చిరునవ్వు చెరగకుండా.
నా తువ్వాలు పోలమ్మ కాళ్ళకి చుట్టాను.
నెత్తి మీద గాలిమూతి సగం తిప్పాను.

మొదటి వరుసలో కోటాయన
ముక్కు పైకెత్తి ఏదో అన్నాడు.
జెసింత ఒక్కో వరుసా దాటుకుంటూ,
అడుగడుక్కీ మెల్లిగా గాలి పీలుస్తూ
మా దగ్గర ఆగింది.
"ఇక్కడేమైనా వాసన వస్తోందా సార్?"
పోలమ్మ నిద్ర నటిస్తోంది.
"లేదమ్మా" అన్నాను.
ఈసారి అబద్ధం కాదు.
నా ముక్కుకి అలవాటైపోయింది.