బొటనవేలు లేని చెయ్యి

రుస్తావి ఊరి చివర కార్ల మైదానం.
అమెరికాలో ఎవరికీ అక్కర్లేకపోయిన బళ్ళు
ఓడ దిగి ఇక్కడికొస్తాయి:
ముక్కు చితికినవి, వరద నీళ్ళు తాగినవి,
సీటు కింద ఏ పిల్లదో పాలపన్ను దాచుకున్నది ఒకటి.

నా పని జరపడం.
ఆ వరసలోంచి ఈ వరసకి, లిఫ్టు కిందికి, నీళ్ళ గొట్టం దగ్గరికి,
రోజుకి డెబ్భై.
బండి పేరడిగితే తడుముకుంటాను గానీ
కళ్ళకి గంతలు కట్టి కూచోబెట్టు,
గేరు ఎక్కడుందో నా చెయ్యి చెప్తుంది.

పాత పెద్ద బళ్ళకి అది స్టీరింగు మెడ మీద కొమ్మ.
మనవైపు లాగి కిందికి దించాలి,
తలుపు గడియలా మోటుగా, నిజాయితీగా.
జర్మనీ ముసలి బండిలో మెలికల గాడి,
గట్టు దాటే నీటిపాములా పోతుంది కర్ర.
ఒకదాంట్లో అసలు కర్రే లేదు. బొత్తాలు.
వెనక్కి పోవడమంటే లిఫ్టులో మూడో అంతస్తు నొక్కడమే.
ఇంజను లేచాక తాబేలు తలలా పైకొచ్చే చక్రం ఒకటుంది,
దాన్నెటు తిప్పినా రేడియో గొంతు పెంచుతున్నట్టే ఉంటుంది నాకు.

ఇక ఆ పొట్టిది.
తోస్తే వెళ్తుంది, వదిలితే నడిమికి తిరిగొచ్చి
ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది.
మొన్న ఫిబ్రవరిలో పార్కులో పెట్టాననుకుని దిగాను.
బండి నెమ్మదిగా, మర్యాదగా వాలులోకి నడిచివెళ్ళి
గురామ్ పచ్చడి జాడీలన్నిటినీ పలకరించింది.
మంచు మీద వెల్లుల్లి, వెనిగరు.
"పెట్టిన చోట ఉండని దాన్ని
గేరంటారా?" అన్నాడు గురామ్, చీపురు నా చేతికిస్తూ.

పీ, ఆర్, ఎన్, డీ.
మా అక్షరాలన్నీ ద్రాక్షతీగ మెలికలు.
ఇవేమో ఒక్కోటీ ఓ నిటారు కర్ర పట్టుకుని నిలబడతాయి.
అయినా అందరం అదే వరసలో చదువుతాం,
పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు.

ఓతియా బాబాయి శనివారం వచ్చాడు.
ఇరవై ఆరేళ్ళు కమాజ్ లారీ, లార్సి కనుమ మీద.
పదిహేనేళ్ళ నా చేతి మీద తన చెయ్యి వేసి
"వినవే మక్వలా, అది అడుగుతుంది, అప్పుడు మార్చు" అన్న మనిషి.
ఆ చేతి బొటనవేలిని రెండేళ్ళ కిందట ఫ్యాన్ బెల్టు తీసుకుంది.
పక్క వేళ్ళు రెండూ కొయ్యబారిపోయాయి.
"నాకొకటి చూడు" అన్నాడు.
ధర అడగలేదు. రంగు అడగలేదు.

కొనేవాళ్ళు వెళ్ళిపోయాక, కుక్కలు మేలుకునే వేళ,
ఒక్కో బండిలో కూచోబెట్టాను.
కాళ్ళ పక్క కర్ర బొటనవేలు నొక్కందే కదలనంది.
చక్రం వేళ్ళ సందుల్లోంచి జారింది.
బొత్తాలు నొక్కగలిగాడు గానీ
"ఇది నడపడం కాదు, దరఖాస్తు పెట్టుకోవడం" అని దిగిపోయాడు.
మెలికల గాడిలో నవ్వాడు, సగం దారిలో ఇరుక్కున్నాడు.
పొట్టిదాని దగ్గరికి నేనే తీసుకెళ్ళలేదు.

చివరి వరసలో తుప్పు తలుపులు,
వడగళ్ళకి గుంటలు పడ్డ టాపు,
మెడ మీద కొమ్మ ఉన్న బండి.
వేళ్ళతో పట్టుకోలేదు.
మణికట్టు తగిలించి లాగాడు,
బరువైన బకెట్టు చేతిలోకి చెయ్యి దూర్చినట్టు.
టక్. ఆర్. టక్. ఎన్. టక్.

ఎడమకాలు మాత్రం
ఇంకా కింద ఏదో వెతుకుతోంది.
మూడు వరసలు దాటేదాకా వెతికింది.
నేను చూడనట్టు కిటికీలోంచి
ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు లెక్కపెట్టాను.

"దీనికి అడగడం రాదే" అన్నాడు చివరికి,
"తనే మార్చేసుకుంటోంది."

కాసేపాగి,
"టాపు గుంటలకి ఎంత తగ్గిస్తారు?"