పేరిన డీజిలు

రోహిణీ కార్తె. ఆటోనగర్లో రేకుల షెడ్డు.
పద్నాలుగో నంబరు పానా
తడిగుడ్డ చుట్టకుండా పట్టుకుంటే
అరచేతి తోలు దానికే అంటుకుపోద్ది.
ఆ ఎండలో సుమేధమ్మ
వేలంలో కొన్న మిలట్రీ లారీ తెచ్చి నిలబెట్టి
"మైనస్ నలభైకి తయారుచెయ్యాల పెంచలయ్యా" అంది.
కూలీలో నలభై వేలు తగ్గించమంటందనుకున్నా.

పదేళ్ళు రొయ్యల గుంటల చుట్టూ తిరిగి
నీళ్ళలో ఉప్పెంత, ఊపిరెంత
చెప్పి బతికిన మనిషి.
సముద్రం గడ్డకట్టే చోటుందంట.
దాని మీద లారీలు పోతాయంట.
రెండు నెలలు పొద్దే పొడవదంట.
"పొద్దు పొడవని ఊరా!
నన్ను క్లీనరుగా పెట్టుకోమ్మా"
టింకరు ఖాదర్‌బాషా నుదుటి చెమట వేలితో గీకి విదిలించాడు.

కాయితం మీద రాసిచ్చింది.
రేడియేటర్లో ఉత్త నీళ్ళు పోస్తే ఇంజను పగుల్తుందని,
బ్రేకుల గాలిలో తేమ చుక్క మిగిలినా
రాయై అడ్డం పడుతుందని,
డీజిలు పేరుకుంటుందని.
పేరుకోడమేంది?
ముప్పై రెండేళ్ళు నోటితో పీల్చి పైపు లాగినోణ్ణి,
నాకు తెలీని డీజిలా!

ఇంటికాడ చెబితే రవణమ్మ నవ్వలా.
ముత్తుకూరు రోడ్డు ప్లాంటులో
పదకొండేళ్ళుగా ఐసునీళ్ళలో చేతులు పెట్టి
రొయ్య తలలు తుంచే మనిషి.
రాత్రి అన్నం కలిపేటప్పుడు
వేడి తెలీక వేళ్ళు కాల్చుకునే మనిషి.
"సీసాలో పోసియ్యి" అంది.

మూడు కవర్లు చుట్టి, సూపర్‌వైజరు కాళ్ళా వేళ్ళా పడి
పెద్ద ఫ్రీజరు మూల ఒక రాత్రి పెట్టించింది.
తెల్లారి గేటు కాడ నేను కాసుకోనున్నా.
షేరాటోలో ఆత్మకూరు బస్టాండు చేరేలోగా
సీసాలో డీజిలు మామూలు డీజిలే.
నా కంటికి ఏమీ దక్కలా.
"ఎట్టుండింది?"
"పేరిన నెయ్యి మాదిరి. తిరగేస్తే జారలా."
ఆ ఒక్క మాట మీద
ట్యాంకు చుట్టూ వేడినీళ్ళ పైపు తిప్పాను.

ఆ తర్వాత నేను అడగడం, ఆమె చెప్పడం.
"చలి కూడా కాల్చుద్ది. తలుపు పిడులకి గుడ్డ చుట్టు."
చుట్టాను.
"ముందు చచ్చేది వేలి కొసలు.
గ్లౌజులు తీసి నొక్కే స్విచ్చి ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే."
బిగించిన పద్దెనిమిది స్విచ్చులూ ఊడబీకి
గుప్పిటితో గుద్దినా పనిచేసే
క్రేను స్విచ్చులు చెన్నై నించి తెప్పించా.

వెనక ఇల్లు కట్టాం, ఆరడుగుల వెడల్పున.
గోడల్లో రొయ్యల పెట్టెల థర్మాకోలు.
రొయ్యకి చల్లదనం కాపాడేదే
మనిషికి వెచ్చదనం కాపాడుద్దంట, దానికి పక్షం లేదు.
మన నెల్లూరు గొర్రెకి ఉన్నుండదు గదా,
కంబళ్ళు అనంతపురం వైపు నించి వచ్చాయి.
ఇంజనుకి బొంత కుట్టించాం.
నలభై నాలుగు డిగ్రీల ఎండలో
బోనెట్ మీద బొంత కప్పి కొలత చూస్తుంటే
టీకొట్టు జనం వచ్చి నిలబడ్డారు.
"బండికి జొరమా?" అన్నాడొకడు.

కృష్ణపట్నం రేవుకి తోలే రోజు
సుమేధమ్మ స్విచ్చి గుద్ది చూసి
"ఇది నా కాయితంలో లేదే, ఎవరి ఆలోచన?" అంది.
"ఇంట్లో చెప్పారు" అన్నా.
చూసి పోతానంది. రవణమ్మ డ్యూటీలో ఉంది.
పేరు మటుకు రాసుకుంది, చిన్న నోటుబుక్కులో,
నీళ్ళ లెక్కలు రాసే చోటే.

ఆ రాత్రి రవణమ్మ చేయి పట్టుకు చూశా.
ఫ్యాను కూడా వేడిగాలే కొట్టే గది.
వేలి కొసలు ఇంకా చల్లగానే ఉన్నాయి.
ఏంది ఈ కొత్త సంబడం, అని లాక్కుంది.

మిగిలిన కంబడి ముక్క
ఆమె గంబూట్ల లోపలికి కత్తిరించి అంటించా.
కొలత అడగలా.
ఎడమది బిగుతంట.